ఎడమ మలుపుల జాషువా

రెండువేల మూడు వానాకాలంలో రాయ్‌పూర్ టాటీబంధ్ చౌరస్తా దాటీ దాటగానే ఒక లారీ ఆగిపోయింది. నాగపూర్ నుంచి వస్తున్న లారీ అది. రేడియేటర్లోంచి ఆవిరి చిమ్ముకుంటూ వచ్చి సరిగ్గా సూరిబాబు షెడ్డు ముందు నిలబడింది. సూరిబాబు బాగుచేసేది మోటారు సైకిళ్ళు మాత్రమే. అయినా డ్రైవరు పక్కన కూర్చున్న పెద్దమనిషి గొడుగు కూడా లేకుండా దిగి, తడుస్తూ లోపలికొచ్చి, లారీ మెకానిక్కు దొరికేదాకా వెనకున్న సామాను షెడ్డులో పెట్టుకోనిస్తారా అని అడిగాడు. టార్పాలిన్ చిరిగి నీళ్ళు కారుతున్నాయట.

ఆ సామానంతా మోటారు సైకిళ్ళే. దించడానికి చెయ్యేసిన వాళ్ళలో జాషువా ఒకడు.

జాషువాకి అప్పుడు ఇరవై ఏళ్ళు. ఐటీఐ పూర్తిచేసి సూరిబాబు దగ్గర పనిలో చేరాడు. తండ్రి జ్ఞానప్రకాశం రైల్వే వ్యాగన్ల రిపేరు షాపులో ఫిట్టరు. తల్లి కమల ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాల్టీలో నర్సు. ఇద్దరూ పెళ్ళయిన కొత్తలో బాపట్ల నుంచి వచ్చి రాయ్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడ్డారు. జాషువా పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల సంతలో ఛత్తీస్‌గఢీ. కొడుక్కి రైల్వేలో అప్రెంటిస్ వస్తే బాగుండునని తండ్రికి ఉండేది. కొడుక్కి మాత్రం షెడ్డులో నూనె చేతులతో కూర్చున్నప్పుడే ప్రాణం హాయిగా ఉండేది.

లారీలోంచి దించిన బండిని లోపలికి నెడుతూ జాషువా అలవాటుగా కుడిచేతి వేళ్ళు ముందుకు చాపాడు. వేళ్ళకి ఏమీ తగల్లేదు. కుడికాలితో వెతికాడు. అక్కడా ఏమీ లేదు. ఈలోగా బండి వెళ్ళి గోడకి తగిలింది.

"ఏట్రా, కళ్ళు కనపడట్లేదేటి?" అని అరిచాడు సూరిబాబు. అతనిది శ్రీకాకుళం వైపు. ఇరవై ఏళ్ళు రాయ్‌పూర్‌లో ఉన్నా ఆ మాట మారలేదు.

"అన్నా, దీనికి బ్రేకు లేదు."

"ఊడిపోనాదా?"

"ఊడిపోవడం కాదన్నా. అసలు పెట్టే జాగాయే లేదు."

తడిసిన తల తువ్వాలుతో తుడుచుకుంటున్న పెద్దమనిషి నవ్వాడు. "హోతా హీ నహీఁ, బేటా" అన్నాడు. ఈ బళ్ళకి బ్రేకు ఉండనే ఉండదట.

ఆయన పేరు ప్రేమ్‌చంద్. నాగపూర్ మనిషి. కుర్రతనంలో ఇంగ్లండులో ఒక ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ ప్రతి శనివారం సాయంత్రం స్పీడ్‌వే అనే పందెం చూసేవాడట. కోడిగుడ్డు ఆకారంలో మట్టి ట్రాక్. నలుగురు మనుషులు, నాలుగు చుట్లు. తిరిగేది ఎప్పుడూ ఎడమ వైపుకే. బండికి బ్రేకు లేదు, ఒకటే గేరు, పెట్రోలు బదులు మిథనాల్ పోస్తారు. నిమిషంలో పందెం అయిపోతుంది. ఆ పిచ్చి ఆయన్ని వదల్లేదు. తిరిగొచ్చాక వ్యాపారం చేసి, నిలదొక్కుకుని, అక్కడి క్లబ్బులు తీసేసిన పాత బళ్ళు కొని తెప్పించాడు. నాగపూర్, రాయ్‌పూర్, జబల్‌పూర్, రూర్కెలా, కొల్హాపూర్‌లలో శీతాకాలమంతా పందాలు పెట్టాలని ఆయన ఆలోచన. రాయ్‌పూర్‌లో స్థలం చూడ్డానికే ఆ రోజు వచ్చాడు.

"బళ్ళు దొరికాయి, మనుషులు దొరకట్లేదు. బ్రేకు లేదనగానే దణ్ణం పెట్టి వెళ్ళిపోతున్నారు" అన్నాడు హిందీలో.

వాన తగ్గింది. జాషువా సూరిబాబు వంక చూశాడు. సూరిబాబు ఆకాశం వంక చూశాడు. "సరే, ఎల్లు. ఇరిగితే మీ అమ్మకి నువ్వే సెప్పుకో" అన్నాడు.

షెడ్డు వెనక ఎర్ర మొరం మట్టి పరిచిన ఖాళీ జాగా ఉండేది. అక్కడ ప్రేమ్‌చంద్ తాడుతో గుండ్రంగా గీత గీయించి, ఒకే ఒక్క మాట చెప్పాడు. మలుపులో భయమేస్తుంది, యాక్సిలరేటర్ తగ్గించాలనిపిస్తుంది, తగ్గించకు. జాషువా సరేనని వెళ్ళి, మలుపు రాగానే తగ్గించి, మొరంలో బోర్లా పడ్డాడు. లేచి వెళ్ళి మళ్ళీ పడ్డాడు. ఆ తర్వాతి చుట్టులో పళ్ళు బిగబట్టి చెయ్యి తిప్పాడు. వెనకచక్రం కుడి పక్కకి జారింది. ముందుచక్రం దానికదే అటు తిరిగింది. ఎడమకాలు నేలమీద రాసుకుంటూ పోయింది. బండి పడిపోతున్నట్టే పడిపోతూ, పడకుండా, మలుపంతా అలా జారుకుంటూ తిరిగింది. ఎర్రబురద ఫౌంటెన్‌లా ఎగిరి సూరిబాబు చొక్కా మీద పడింది.

"కైసా లగా?" అని అడిగాడు ప్రేమ్‌చంద్.

జాషువా బండి దిగలేదు. ఇంకోసారి తిప్పుతానన్నాడు.

ఇంటికెళ్ళేసరికి కమల డ్యూటీ నుంచి వచ్చి టీ పెట్టుకుంటోంది. కొడుకు మోచెయ్యి చూసింది, కూర్చోబెట్టి డెట్టాల్‌తో కడిగింది, పట్టకారుతో మొరం రవ్వలు ఒక్కొక్కటే తీసింది. అంతా విన్నాక పట్టకారు బల్లమీద పెట్టింది.

"టాటీబంధ్ నుంచి రోజూ నా టేబుల్ మీదకి ఎంతమందిని తెస్తారో తెలుసారా నీకు? వాళ్ళంతా బ్రేకులున్న బళ్ళ మీంచి పడ్డవాళ్ళే. నువ్వు బ్రేకు లేని బండెక్కుతావా?"

"అందరూ ఒకవైపే వెళ్తారు మమ్మీ. ఎదురుగా లారీలుండవు, ఆవులుండవు, తాగి నడిపేవాడుండడు. రోడ్డుకన్నా అదే నయం."

"ఈ తెలివంతా చదువులో చూపించాల్సింది" అంది కమల. రెండు వారాలు కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకి పెట్టేది.

జ్ఞానప్రకాశం మాటలు తక్కువ మనిషి. కానీ ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక కొడుకు ఎడమ బూటు తీసుకుని వరండాలో కూర్చున్నాడు. ఈ పందెంలో ఎడమ బూటు కింద ఉక్కు తొడుగు కట్టుకోవాలి, కాలు నేలమీద సాఫీగా జారడానికి. ప్రేమ్‌చంద్ ఇచ్చిన ఇంగ్లండు తొడుగు జాషువా కాలికి వదులైంది. జ్ఞానప్రకాశం పాత ఇనుము అమ్మే కబాడీవాడి దగ్గర కొన్న ఉక్కు రేకు ముందేసుకుని (రైల్వే ఇనుము ముక్క కూడా ఇంటికి తెచ్చే మనిషి కాదు), కొలతలు పెట్టుకుని, కొట్టి వంచి, అంచులు అరగదీసి సాయంత్రానికి కొత్త తొడుగు తయారుచేశాడు.

కమల గుమ్మంలో నిలబడి చూసింది. "మీరు కూడానా?"

"ఎలాగూ వెళ్తాడే. కాలు సరిగ్గా జారితే పడడంట. పోనీ, సరిగ్గా జారనీ."

రాయ్‌పూర్‌లో మొదటి పందెం ఆ డిసెంబరులో జరిగింది. ఊరి అంచున ఒక పాత ఇటుకబట్టీ జాగా చదును చేసి, కింద మొరం పోసి, పైన ఉక్కు ఫ్యాక్టరీల నుంచి తెచ్చిన బొగ్గు బూడిద పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు. కమల రానని చెప్పి, చివరి నిమిషంలో చీర కొంగు నడుముకి దోపుకుని భర్త స్కూటరెక్కింది. ట్రాక్ దగ్గరికి రాగానే నేరుగా ప్రేమ్‌చంద్ దగ్గరికెళ్ళి, "ఆంబులెన్స్ కహాఁ హై?" అని అడిగింది.

ప్రేమ్‌చంద్ ఒక మారుతీ వ్యాను చూపించాడు. కమల వెనక తలుపు తీసింది. లోపల స్ట్రెచరు లేదు. కూల్‌డ్రింకుల క్రేట్లున్నాయి.

"ఇది ఆంబులెన్సా? దీంట్లో నడుం విరిగినవాణ్ణి ఎక్కడ పడుకోబెడతావయ్యా, సీసాల మీదా?" అని తెలుగులోనే అడిగింది. భాష రాకపోయినా ఆయనకి అర్థమైంది. పందెం ఆలస్యమైంది. జనం ఈలలు వేశారు. కమల ఆసుపత్రికి ఫోను చేసి, తెలిసిన డ్రైవరుని బతిమాలి, అసలు ఆంబులెన్సు గేటు లోపలికి వచ్చాక గానీ బళ్ళు స్టార్ట్ కానివ్వలేదు. ఆ రోజు నుంచి రాయ్‌పూర్‌లో ఎప్పుడు పందెం జరిగినా ఆమె ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బళ్ళు బయల్దేరే గేటు పక్కనే కూర్చునేది. రైడర్లంతా ఆమెని సిస్టర్‌జీ అనేవాళ్ళు. మరుసటి ఏడాది ప్రేమ్‌చంద్ అన్ని ఊళ్ళకీ సరైన ఆంబులెన్సు మాట్లాడుకున్నాడు, "సిస్టర్‌జీ వచ్చి అడిగితే ఏం చెప్పను?" అంటూ.

ఆ మొదటి పందెంలో జాషువా అన్ని హీట్లలోనూ, అంటే నాలుగు చుట్ల పరుగులన్నిట్లోనూ, ఆఖరున వచ్చాడు. ఒకదాంట్లో బళ్ళ ముందు అడ్డంగా కట్టిన స్టార్టింగ్ టేపు పైకి లేవకముందే దాన్ని తగిలించుకుని పడ్డాడు. అయినా ఆ రాత్రి భోజనాల దగ్గర అతని మొహంలో వెలుగు చూసి కమల ఇంకొంచెం అన్నం వడ్డించింది.

రైల్వే కాలనీ తెలుగు చర్చిలో విషయం తెలిసిపోయింది. పాస్టరుగారు మరుసటి ఆదివారం జాషువాని ముందుకు పిలిచి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. "ప్రభువా, ఈ బిడ్డ బండికి బ్రేకులు లేవు. నీవే బ్రేకువై ఉండుము తండ్రీ!"

అందరూ ఆమెన్ అన్నారు. కూటం అయ్యాక జాషువా ఆయన దగ్గరికెళ్ళి మొహమాటపడుతూ నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక చిన్న మాట. బ్రేకు ఉంటేనే డేంజరండీ. ముందువాడు సడన్‌గా ఆపితే వెనకవాళ్ళం ముగ్గురం వెళ్ళి వాణ్ణి గుద్దేస్తాం. ఎవరికీ లేదు కాబట్టే ఎవరూ ఆపరు."

పాస్టరుగారు ఆలోచించారు. తర్వాతి వారం ప్రార్థనలో "ఆ బండ్లన్నీ ఆగకుండా సాగునట్లు కృప చూపుము" అన్నారు. జాషువా కళ్ళు మూసుకునే నవ్వుకున్నాడు.

అలా అతని జీవితం రెండు కాలాలుగా స్థిరపడింది. అక్టోబరు నుంచి మార్చి దాకా పందాలు. లారీలో బళ్ళతోపాటు ఊరూరూ తిరగడం, ధాబాల్లో తినడం, లాడ్జి గదుల్లో ఇంజన్లు విప్పుకోవడం. ఎండలు ముదిరాక, వానల్లో, సూరిబాబు షెడ్డు. ప్రేమ్‌చంద్ మనిషి నిజాయితీగలవాడు. ఆట చిన్నదే అయినా దాంతో బతకనిచ్చాడు. ఏళ్ళు గడిచేకొద్దీ జాషువా ఆఖరి స్థానం నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి వచ్చాడు. హ్యాండిల్ మీద ఒంగి, మోకాలు దాదాపు ట్యాంకు మీద పెట్టుకుని, మలుపు బయటి అంచున దుమ్ము లేపుకుంటూ వెళ్ళే అతని తీరు చూడ్డానికి జనం మలుపు దగ్గరే చోటు పట్టుకునేవాళ్ళు. ఎప్పుడూ ఎడమకే తిరిగి తిరిగి అతని ఎడమ బూటు మడమ, తోలు కోటు ఎడమ భుజం, ఎడమ మోచెయ్యి అరిగిపోయాయి. కాలనీలో "ఎడమ మలుపుల జాషువా" అన్న పేరు అప్పుడే పడింది.

అతనికి గెలుపు అందకపోవడానికి ఒకే కారణం, రాజేష్. భిలాయ్ కుర్రాడు. స్టార్టింగులో మెరుపులా వెళ్ళేవాడు. మొదటి మలుపులో ఎవరైనా పక్కకొస్తే మోచేత్తో కంచె వైపుకి నెట్టేసేవాడు. జబల్‌పూర్‌లో ఒకసారి జాషువాని అలాగే నెట్టాడు. జాషువా కంచెకి రాసుకుని పడి, చర్మం ఒలిచిపోయి లేచాడు. రాజేష్ క్షమాపణ చెప్పలేదు, కనీసం తలతిప్పి చూడలేదు. ఆ తర్వాత రెండు సీజన్లు ఇద్దరూ ఒకే లారీలో ప్రయాణం చేసినా ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఒకడు ముందు సీట్లో కూర్చుంటే రెండోవాడు వెనక బళ్ళ దగ్గర కూర్చునేవాడు.

రెండువేల తొమ్మిదిలో చర్చి పెద్దల ద్వారా గ్లోరీ సంబంధం వచ్చింది. వాళ్ళ సొంతూరు ఒంగోలు, ఉండేది రాయ్‌పూర్‌లోనే. తండ్రి రైల్వేలోనే గార్డు. గ్లోరీ శంకర్ నగర్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తోంది. పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు ఇద్దరినీ డాబా మీదకి పంపించారు.

"ఏం పని చేస్తారు?" అంది గ్లోరీ. అంతకుముందే ఎవరో చెప్పే ఉంటారు. అతని నోట వినాలనుకుంది.

"బండి నడుపుతానండీ. పందాల్లో. బ్రేకు ఉండదు."

"మా ఆఫీసులో మీకు పాలసీ కూడా ఇవ్వరు."

"తెలుసండీ. అడిగాను."

గ్లోరీకి నవ్వొచ్చింది. నిజంగానే అడిగాడట, ఫారం నింపేదాకా వెళ్ళి, వృత్తి దగ్గర ఏం రాయాలో తెలియక క్లర్కుని అడిగితే, ఆయన ఫారం వెనక్కి తీసుకున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు అతను సిగ్గుపడిన తీరు నచ్చిందని గ్లోరీ తర్వాత చెప్పింది.

పెళ్ళయ్యాక ఆమెకి ఇంకో సంగతి తెలిసింది. రోడ్డు మీద ఆమె మొగుడంత నిదానంగా నడిపేవాడు రాయ్‌పూర్‌లో లేడు. రోజూ ఆమెని ఆఫీసులో దింపడానికి స్కూటీ మీద తీసుకెళ్ళేవాడు. పచ్చలైటు పడ్డాక కూడా రెండు వైపులా చూసి కదిలేవాడు. ఆటోలు, సైకిళ్ళు, ఒక్కోసారి పాలవాళ్ళు కూడా దాటిపోయేవాళ్ళు.

"ఏమండీ, లేటవుతోంది. కొంచెం తేజ్ పోనీండి. మీరేనా నిజంగా పందాలాడేది?"

"అక్కడ అందరూ నాకు తెలిసినవాళ్ళు గ్లోరీ. ఇక్కడ ఎవడు ఎటు తిరుగుతాడో నాకేం తెలుసు?"

గ్లోరీ ఆటోలో వెళ్ళడం అలవాటు చేసుకుంది.

రెండువేల పదకొండు ఫిబ్రవరిలో సీజన్ ఫైనల్ రాయ్‌పూర్‌లో పడింది. అప్పటికి వాళ్ళ పాప కీర్తనకి మూడు నెలలు. గ్లోరీ పాపని పుట్టింట్లో వదిలి వచ్చింది. సాయంత్రం ఎండ వాలుతుంటే జనం కంచె చుట్టూ నిండిపోయారు. కాలనీ అంతా అక్కడే ఉంది. సూరిబాబు షెడ్డు మూసి వచ్చాడు. కమల తన కుర్చీలో కూర్చుంది.

ఫైనల్లో నలుగురు. రాజేష్, జాషువా, కొల్హాపూర్ రైడరు ఒకతను, రూర్కెలా నుంచి ఒకతను. టేపు లేవగానే రాజేష్ ఎప్పటిలాగే ముందుకు దూకాడు. జాషువా రెండో స్థానంలో అతని వెనకచక్రం వదలకుండా పట్టుకున్నాడు. రెండు చుట్లు అలాగే తిరిగారు. రాజేష్ లేపిన బూడిద మొహం మీద కొడుతుంటే జాషువా గాగుల్స్‌కి అంటించుకున్న ప్లాస్టిక్ పొరల్లో ఒకటి పీకేసి, మూడో చుట్టులో బయటి అంచుకి వెళ్ళాడు. అక్కడ మట్టి వదులుగా ఉంటుంది, చక్రానికి పట్టు దొరుకుతుంది. మలుపు మధ్యకొచ్చేసరికి అతని ముందుచక్రం రాజేష్ మోకాలి దాకా వచ్చింది. జనం లేచి నిలబడ్డారు.

మలుపు దాటుతుండగా రాజేష్ చక్రం గాడిలో పడింది. బండి ఎగిరిపడింది. రాజేష్ విసిరేసినట్టు ట్రాక్ మధ్యలో, సరిగ్గా జాషువా దారిలో పడ్డాడు.

బ్రేకు లేదు. పక్కకి తిప్పుకునేంత చోటు లేదు. జాషువాకి ఒకటే దారి కనిపించింది. తన బండిని తనే పూర్తిగా ఎడమకి వాల్చి నేలమీదకి పడేశాడు. బండీ అతనూ కలిసి బూడిదలో జారుకుంటూ రాజేష్ కాళ్ళ ముందు నుంచి అడ్డంగా పోయి చెక్క కంచెని గుద్దుకున్నారు. చెక్కలు విరిగిన చప్పుడు మైదానమంతా వినపడింది. వెనక వస్తున్న ఇద్దరూ లోపలి అంచుకి తప్పుకున్నారు. ఎర్రలైటు వెలిగింది.

గ్లోరీ కంచె దాటి పరుగెత్తబోతే సూరిబాబు చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండమ్మా. మీ అత్తగారు ఎల్తంది సూడు."

కమల అప్పటికే సగం దూరం వెళ్ళింది. ఆమె పరుగెత్తలేదు, వేగంగా నడిచింది. ముందు రాజేష్ దగ్గర ఆగింది, ఎందుకంటే అతను కదలడం లేదు. మెడ కదిలించొద్దని చెప్పి, కళ్ళు చూసి, వేళ్ళు కదిలించమంది. కదిలించాడు. ఊపిరాడక అలా పడున్నాడంతే. అప్పుడు గానీ ఆమె కొడుకు వైపు తిరగలేదు. జాషువా లేచి కూర్చుని ఎడమ మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

స్పీడ్‌వేలో నియమం ఏమిటంటే, పందెం ఆగడానికి ఎవరు కారణమో వాళ్ళు బయటికి. మిగిలిన ముగ్గురూ మళ్ళీ మొదటి నుంచి పరుగెత్తాలి. రాజేష్ ఔట్. జాషువాకి అవకాశం ఉంది, బండి లేదు. ముందు ఫోర్కు వంగిపోయింది. సూరిబాబు మోకాళ్ళ మీద కూర్చుని చూసి తల అడ్డంగా ఊపాడు.

రాజేష్ ఆంబులెన్సు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి లేచాడు. కుంటుకుంటూ తన బండి దగ్గరికెళ్ళాడు. అది ట్రాక్ లోపలి గడ్డిమీద పడింది కాబట్టి హ్యాండిల్ పక్కకి తిరగడం తప్ప దానికేం కాలేదు. దాన్ని నెట్టుకుంటూ వచ్చి జాషువా ముందు నిలబెట్టాడు.

"మేరీ గాడీ లే జా" అన్నాడు. రెండేళ్ళలో అతను జాషువాతో అన్న మొదటి మాట అది.

జాషువా బండి వంక, తర్వాత తల్లి వంక చూశాడు. కమల అతని మణికట్టు చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక్కో ఎముకా నొక్కి చూసింది. అతను ఒకచోట మూలిగాడు. ఆమె మళ్ళీ అక్కడే నొక్కింది.

"విరగలేదు. బెణికింది. ఈ చేత్తో ఏం పట్టుకోవాలి?"

"క్లచ్చు. అది కూడా స్టార్టింగులో ఒక్కసారే మమ్మీ. తర్వాత అంతా కుడిచెయ్యే."

"నిజం చెప్తున్నావా?"

"సూరన్నని అడుగు."

కమల సూరిబాబుని అడగలేదు. కాసేపు కొడుకు మొహంలోకి చూసింది. ఆమె వద్దంటే అతను ఆగిపోతాడని ఆమెకి తెలుసు. తన మందుల పెట్టెలోంచి వెడల్పాటి క్రేప్ బ్యాండేజీ తీసి, వేళ్ళు కదిలేలా, మణికట్టు కదలకుండా గట్టిగా చుట్టింది.

"పో" అంది. "నేనిక్కడే ఉంటా."

రెండోసారి టేపు లేచినప్పుడు జాషువా వేళ్ళు క్లచ్చు వదలడంలో ఆలస్యం చేశాయి. మిగిలిన ఇద్దరూ ముందుకెళ్ళిపోయారు. పైగా రాజేష్ బండి అతనికి కొత్త. హ్యాండిల్ ఎత్తుగా ఉంది, ఇంజను ఇంకా కోపిష్టిగా ఉంది. మొదటి చుట్టంతా దాన్ని మచ్చిక చేసుకోవడంతోనే సరిపోయింది. కంచె దగ్గర రాజేష్ గొంతు చించుకుని అరుస్తున్నాడు, "బాహర్ సే! బాహర్ సే!" అని. జాషువా బయటి అంచుకి వెళ్ళాడు. మూడో చుట్టులో రూర్కెలా రైడరుని దాటాడు. నాలుగో చుట్టు ఆఖరి మలుపులో కొల్హాపూర్ రైడరు పక్కకి వచ్చాడు. ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ గీత దాటారు. సగం చక్రం తేడాతో కొల్హాపూర్ రైడరు గెలిచాడు.

జాషువా రెండో స్థానంలో వచ్చాడు. కాలనీ వాళ్ళు మాత్రం అతన్నే భుజాల మీదకి ఎత్తుకున్నారు. గెలిచిన కొల్హాపూర్ రైడరు కూడా వచ్చి చప్పట్లు కొట్టాడు. ఎత్తుకున్న వాళ్ళలో కుంటుతున్న రాజేష్ ఉండడం చూసి కమల కసురుకుంది. "ఏయ్ భిలాయ్, పడుకో ముందు! ఎక్స్‌రే తియ్యాలి నీకు!"

ఆ రాత్రి రాజేష్ జాషువా వాళ్ళింట్లోనే భోంచేశాడు. గోంగూర మటన్ కలుపుకుంటూ, తల వంచుకునే అన్నాడు: "నీ మీద నుంచి పోయేవాడినేమో, నీ చోట నేనుంటే. తెలీదు." జాషువా అతని పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేశాడు. "ఎందుకు పోతావు? ఉంటే నువ్వూ అదే చేసేవాడివి. తిను." మరుసటి క్రిస్మస్‌కి రాజేష్ భార్యాబిడ్డలతో వచ్చాడు. ఆ తర్వాత రాని క్రిస్మస్ లేదు.

తర్వాతి సీజన్లో జాషువా ఛాంపియన్ అయ్యాడు. నాగపూర్‌లో, ఏ గొడవా లేకుండా, ఎవరూ పడకుండా, మొదటి నుంచి చివరిదాకా ముందుండి గెలిచాడు. కప్పు ఇప్పటికీ ఇంట్లో టీవీ పక్కన ఉంది. కానీ దాని గురించి ఎవరూ అడగరు. అందరూ అడిగేది ఓడిపోయిన పందెం గురించే. అదే అతనికి కాస్త చిరాకు. "గెలిచిన కథ కూడా వినండయ్యా" అంటాడు. చెప్పబోతే చెప్పడానికి ఏమీ ఉండదు.

ఇంకో అయిదేళ్ళు పందాలు సాగాయి. జనం మెల్లగా పలచబడ్డారు. పాత ఇంజన్లకి విడిభాగాలు దొరకడం కష్టమైంది. ప్రేమ్‌చంద్‌కి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. రెండువేల పదిహేడులో రూర్కెలా పందెం అయ్యాక, అందర్నీ కూర్చోబెట్టి టీ తాగిస్తూ, "బస్, బచ్చోఁ. ఇక చాలు" అన్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. బళ్ళని రైడర్లకే పంచి ఇచ్చేశాడు. జాషువాకి వచ్చిన బండి సూరిబాబు షెడ్డు మూలన ఉండేది. వచ్చిన కస్టమర్లు బ్రేకు కోసం వెతుకుతుంటే సూరిబాబుకి అదొక సరదా.

తండ్రి రిటైరై, దేవేంద్ర నగర్‌లో చిన్న ఇల్లు కొన్నాడు. అంతా అక్కడే ఉంటారు. కీర్తనకి మోటారు సైకిళ్ళంటే ఆసక్తి లేదు. దుమ్ము, చప్పుడు అంటుంది. బ్యాడ్మింటన్ ఆడుతుంది. ఆమె మ్యాచ్‌లకి తాతయ్య ముందు వరసలో కూర్చుంటాడు. జాషువా మొదట్లో కొంచెం నొచ్చుకున్నాడని గ్లోరీ అంటుంది. అతను ఒప్పుకోడు. "షటిల్‌కి స్పేర్ పార్ట్స్ అక్కర్లేదు, నయం కదా" అంటాడు.

ఇప్పుడు జాషువా, రాజేష్ కలిసి ఒక శిక్షణ పని చేస్తున్నారు. అడవిలో బళ్ళమీద తిరిగే ఫారెస్ట్ గార్డులకి వానాకాలానికి ముందు బురదలో, రాళ్ళలో, వాగుల్లో బండి నడపడం నేర్పిస్తారు. పోయిన జూన్‌లో వచ్చిన బ్యాచ్‌లో చాందిని అనే గార్డు ఉంది. ధమ్తరీ వైపు అడవిలో ఆమెకి డ్యూటీ. వాగు దాటే పాఠంలో మధ్యకి వెళ్ళేసరికి నున్నటి రాయి మీద చక్రం జారి, ఆమె బండితో సహా నీళ్ళలో కూలబడింది. రాజేష్ పరుగెత్తబోయాడు. జాషువా ఆగమన్నాడు.

చాందిని మోకాలి లోతు నీళ్ళలో లేచి నిలబడింది. మొహం మీంచి నీళ్ళు కారుతున్నాయి. బండి ఇంకా ఆన్‌లోనే ఉందో లేదో చూసుకుని, గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది. ఒడ్డున మిగిలిన గార్డులు, తర్వాత రాజేష్, తర్వాత జాషువా కూడా నవ్వారు.

"సర్, మళ్ళీ వెళ్ళనా?" అని అరిచింది హిందీలో.

"బండి ఒడ్డుకి నెట్టుకురా. ప్లగ్గు తుడుచుకుని మళ్ళీ వెళ్దువుగాని. ఈసారి లేచి నిలబడి నడుపు, రాళ్ళు నీకు కాదు, బండికి తగలనీ."

ఆమె బండి నెట్టుకొస్తుండగా జాషువా ఫోను మోగింది. గ్లోరీ. ఆఫీసు నుంచి బయల్దేరానని, దారిలో చేపలు కొంటున్నానని చెప్పింది.

"రాజేష్ వాళ్ళు కూడా వస్తారు. కొంచెం ఎక్కువ తీసుకో" అన్నాడు జాషువా. అటు నుంచి ఏదో అంది. "తెలుసులే, ముళ్ళు లేనివే. వాళ్ళ చిన్నోడికి ముళ్ళు తియ్యడం రాదు."

ఫోను జేబులో పెట్టుకునేసరికి చాందిని ఒడ్డెక్కి, తడి చేతులతో ప్లగ్గు విప్పుకుంటోంది.